ఆఖరి రీల్లో అడిగిన మాట

సినిమా పంపిణీ ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లు నన్ను కలిస్తే ఒకటే అడుగుతుంటారు. సెల్‌ఫోన్లూ, చుక్కలూ, రేటింగులూ లేని కాలంలో సినిమా బాగుందో లేదో మీ ఆఫీసుకు ఎట్లా తెలిసేదండీ అని. నేనే తెలిపేవాణ్ణి. నాకు జీతం ఇచ్చింది అందుకే. పేరుకు రిప్రజెంటేటివ్‌ని. ప్రింటు పెట్టెతో పాటు ఊరికి పోవడం, హాలువాళ్లు లెక్కలో చూపకుండా ఎక్కువ ఆటలు వేయకుండా చూడటం, పెట్టెను మళ్లీ బస్సెక్కించడం ఇవన్నీ కాగితం మీద ఉన్న పనులు. అసలు పని వేరే. ఆట వదిలే వేళకు గేటు బయట నిలబడి జనం ఏమనుకుంటున్నారో వినాలి. దాన్ని మేము టాక్ అనేవాళ్లం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నా వంతుకు వచ్చిన ఊళ్లు. తొంభైల మొదట్లో చేరి, హాళ్లు ఒకదాని వెనక ఒకటి మూతబడే దాకా ఈ మూడింటి మధ్యే తిరిగాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు నన్ను పైకి రానీయలేదు అనేవి రాయను. చదివేవాళ్లకు కాదు, నాకే విసుగు. ఒక సినిమా గురించీ, దాని ఆఖరి రీలు గురించీ మాత్రం రాస్తాను. టాక్ అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే.

గేటు బయట

ముందు పని సంగతి. గుంపులో ఉన్నవాణ్ణి అడగొద్దు. స్నేహితుల మధ్య ఉన్నవాడు స్నేహితుల కోసమే మాట్లాడతాడు. సైకిలు తాళం వెతుక్కునేవాణ్ణీ అడగొద్దు, వాడికి ప్రపంచంలో ఏ సినిమా నచ్చదు. టీ గ్లాసు చేతికొచ్చి, రెండు గుక్కలు దిగాక అడగాలి. అప్పుడు కూడా బాగుందా అని కాదు, ఎట్లుంది అని అడగాలి. బాగుందా అంటే మర్యాదకు బాగుందనే అంటారు.

హిందూపురంలో ఇంకో చిక్కుండేది. అక్కడి జనం నాతో తెలుగులో ఒక మాట చెప్పి, పక్కనున్నవాడితో కన్నడంలో ఇంకో మాట చెప్పుకునేవాళ్లు. ఆ రెండో మాటే నిజం. దానికోసమే నేను కన్నడం నేర్చుకున్నాను. అర్థమవుతుందని మాత్రం చాలా ఏళ్లు బయటపెట్టలేదు.

మా యజమాని కేశవయ్య గారు. సినిమా చూసే ఓపిక లేని మనిషి. సాయంత్రం ఫోన్ చేస్తే ‘ఆడుతుందా, ఆడదా’ అనేవారు. అంతకు మించి ఏం చెప్పబోయినా ‘కథలొద్దు’ అని కోసేసేవారు. ఆయన్ను చెడ్డవాడని అనలేను. నా భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు కారిచ్చి పంపిన మనిషి. అయితే జనం మాట ఎప్పుడూ ఒక్క ముక్కలో తేలదని ఆయనకు చివరిదాకా ఎక్కలేదు. ఎక్కించలేని నేను కూడా ఊరికే తల ఊపడం అలవాటు చేసుకున్నాను. కొత్తవాళ్లు ఆ అలవాటు చేసుకోకుండా ఉంటే మంచిది.

ఆ సినిమా

పేరు చెప్పను. తొంభైల చివర్లో వచ్చి పోయింది. పెళ్లాంతో దినామూ పోట్లాడే ఒక గుమాస్తా, వాన పడుతుంటే డిపోలో మూలకు నిలిపిన పాత బస్సులో ఎక్కి కూర్చుంటాడు. నిద్రపోయి లేచేసరికి తన పెళ్లిచూపుల కాలానికి వెళ్లిపోయి ఉంటాడు. అదే ఊరు, అదే పిల్ల, ఇంకా పెళ్లి కాలేదు. పెళ్లిచూపుల్లో నచ్చలేదని చెప్పేస్తే జన్మంతా సుఖపడొచ్చని లెక్కేసుకుంటాడు. తీరా ఆ పిల్ల వెనక తిరిగి తిరిగి మళ్లీ ఆమె మీదే మనసు పడతాడు. మధ్యలో రేడియోలు, గుర్రబ్బండ్లు, పాత పద్ధతి పాటలు, బోలెడంత నవ్వులాట.

ఆఖరి రీల్లో పెళ్లిచూపులు. మగవాళ్లంతా మాట్లాడుకుని తాంబూలాలు తీసుకోబోతుంటే, మూలన కూర్చున్న పెళ్లికూతురి అవ్వ లేచి ‘అబ్బాయి నచ్చాడా అమ్మా?’ అని అడుగుతుంది. అందరూ నవ్వుతారు. ‘నేను నవ్వులాటకు అడగలేదు’ అంటుంది అవ్వ. పిల్ల తలెత్తుతుంది. ఆ ముఖం తెర మీద చాలాసేపు అట్లాగే ఉంటుంది. ఏమీ చెప్పదు. అంతలో బస్సు హారన్ వినిపించి గుమాస్తా మేలుకుంటాడు, ఇంటికి పోయి తలుపు తడతాడు, పెళ్లాం తలుపు తీసి నవ్వుతుంది. అయిపోయింది.

మూడు ఊళ్ల మాట

శుక్రవారం మూడు ఊళ్లలోనూ ఒకేసారి వేశారు. ఆ వారం నేను విన్నంత రకరకాల మాట మరే సినిమాకూ వినలేదు.

హిందూపురంలో కుర్రకారుకు పాటలు నచ్చాయి, కాలం వెనక్కి పోవడం అర్థం కాలేదు. పరిగి వైపు నుంచి వచ్చిన ఒకాయన టీ తాగుతూ నన్నే తగులుకున్నాడు. ‘ఏమబ్బా, మా నాయన కాలం చూసేదానికి దుడ్లు పెట్టి రావాల్నా? ఇంట్లో మా నాయన దినామూ అదే చెప్తాండాడు, ఊరకనే’ అన్నాడు. ఆయన పక్కనున్నవాడు మాత్రం మాట్లాడకుండా పోస్టరు దగ్గరికి పోయి నిలబడ్డాడు. అట్లా నిలబడినవాడు మళ్లీ వస్తాడని నా అనుభవం.

ధర్మవరంలో మగ్గాల వీధి పెద్దాయన ఒకరు హాలు మెట్ల మీద కూర్చుండిపోయారు. సినిమాలో గుమాస్తా మామగారు నేతగాడు. ఎట్లుంది తాతా అని అడిగాను. ‘మగ్గం సద్దు పెట్టినారు. దగ్గు పెట్టలేదు’ అన్నారు. మళ్లీ తనే ‘ఆ కాలం అంత బాగుండ్లేదప్పా. అయినా చూస్తాంటే ఏడుపొచ్చె’ అన్నారు. ఆ మాటను ఆడుతుంది కింద రాయాలో ఆడదు కింద రాయాలో నాకు తెలియలేదు. గాండ్లపెంట నుంచి పెండ్లి చీరలకని వచ్చిన రైతు ఒకడు మాత్రం కోపంగా ఉన్నాడు. ‘వెనక్కి పోయినోడు పోయినట్టు, అమ్ముకున్న చేను అమ్మకుండా ఆపుకోవాల గానీ, పిల్ల ఎంట తిరుగుతాడేంది?’ అన్నాడు. నాకూ అదే అనిపించింది.

ఊళ్లు మారినా ఒక విషయంలో మాత్రం అందరూ కలిశారు. ఆ పిల్ల ఏం చెప్పిందో తేల్చలేదని మగవాళ్లందరికీ కోపమే.

లేడీస్ గేటు

మా ఊళ్ల హాళ్లలో ఆడవాళ్లకు టిక్కెట్ల కిటికీ వేరే, కూర్చునే చోటు వేరే, బయటికి పోయే గేటు కూడా పక్క సందులోకి వేరే. మగవాడు ఆ సందులో నిలబడితే తన్నులు తినాలి. కాబట్టి ఆడవాళ్ల టాక్ మాకు గేటు దగ్గరుండే మనిషి చెప్తేనే తెలిసేది.

పెనుకొండ హాల్లో ఆ మనిషి రత్నమ్మ. ఆమె మొగుడు అంజినప్ప అదే హాల్లో ఆపరేటరు, అంటే పైన కేబిన్లో మిషను నడిపేవాడు. ఇద్దరూ నలభై దాటినవాళ్లు, పెండ్లీడుకొచ్చిన కొడుకున్నాడు. అంజినప్ప నెమ్మదస్తుడు. తాగడు, పెళ్లాన్ని కొట్టడు. రీలు తెగితే నిమిషంలో అతికించేవాడు. రొద్దం వైపు ఆఖరి బస్సు తప్పిపోతుందని జనం గొడవ చేస్తే, ఒక పాట తీసేసి ఆట ముందుగా వదిలేవాడు. అన్ని హాళ్లలోనూ ఉన్నదే అది, మేమూ చూడనట్టు ఉండేవాళ్లం. రత్నమ్మ గట్టి మనిషి. ఆమె ‘ఏడ్చినారు సార్’ అంటే నేను కళ్లు మూసుకుని ఆడుతుందని ఫోన్ చేసేవాణ్ణి.

ఆ శుక్రవారం మ్యాట్నీ వదిలాక ముగ్గురం టీ అంగడి దగ్గర నిలబడ్డాం. లేడీస్ టాక్ ఏమిటి రత్నమ్మా అన్నాను.

‘ఎవురూ ఏడ్వలేదు సార్. సందులో నిలబడి మాట్లాడుకుంటాండారు. పొమ్మన్నా పోలేదు.’

‘బాగుందంటున్నారా, లేదంటున్నారా?’

‘వాళ్లకా, నాకా?’

అన్నేళ్లలో ఆమెకు ఎట్లుందని నేను అడిగిందే లేదు. నీకెట్లుందో చెప్పు అన్నాను.

‘నాకు బాగుండాది. ఆ పిల్లని అడిగినారు చూడండి, అది బాగుండాది. నన్ను ఎవురూ అడగలేదు సార్. మా నాయనా, మా మామా మాట్లాడుకున్నారు. ఆ పొద్దు నేను శెనక్కాయ చేన్లో ఉంటి. ఇంటికొచ్చేసరికి అంతా అయిపోయుండె.’

అంజినప్ప నవ్వాడు. ‘ఇప్పుడేమైంది? నీకేం తక్కువ చేసినా నేను?’

‘తక్కువని యాడ చెప్తి? అడగలేదని చెప్తి’ అని గ్లాసు అంగడి మీద పెట్టి ఆమె గేటుకు వెళ్లిపోయింది. అతని ముఖంలో నవ్వు అట్లాగే నిలిచిపోయింది.

తెగిన ముక్క

శనివారం ధర్మవరం పోయి ఆదివారం పెనుకొండకు వచ్చేసరికి టాక్ మారిపోయి ఉంది. ముగింపు తేల్చలేదన్న మగవాడు ఒక్కడూ లేడు. ‘సుఖంగా అయిపోయింది సార్, బాగుండాది’ అంటున్నారు. పక్క సందులో ఆడవాళ్లు నిలబడలేదు. గబగబా పోతున్నారు. అదే సినిమాకు రెండు రోజుల్లో అంత తేడా రాదు. నాకు అనుమానమొచ్చి తర్వాతి ఆటకు లోపల కూర్చున్నాను.

ఆఖరి రీల్లో తాంబూలాల పళ్లెం కనిపించింది, వెంటనే బస్సు హారన్ మోగింది. అవ్వ లేచింది లేదు, అడిగింది లేదు. అతుకు ఎంత నేర్పుగా ఉందంటే, ముందు చూడనివాడికి అక్కడ ఏదో ఉండేదని కూడా తెలియదు.

కేబిన్లోకి పోయాను. అంజినప్ప ఏమీ దాచలేదు. రీలు డబ్బా మూత తీసి చుట్టిన ముక్క చూపించాడు. ఎందుకు చేశావని అడిగాను.

‘ఆట వదిలే ముందర ఆమె లేడీస్ గేటు తీసి నిలబడతాది సార్. తెర వెలుగు ముఖం మీద పడతాది. ఈ కంత లోనుంచి నాకు కనపడతాది. ఆ ముసలామె అడిగేటప్పుడు, ఈమె తిరిగి నా పక్క చూస్తాది. ప్రతి ఆటకీ చూస్తాది. తెర మీద పిల్ల జవాబు చెప్పదు. ఈమె గూడా చెప్పదు. నాకు భయమైంది సార్.’

ఆ ముక్కను కిటికీ వెలుగుకు పెట్టి చూశాను. ఒక్కో చిన్న గడిలో అదే పిల్ల, అదే ముఖం. నాకు కోపం రావలసిన చోట జాలి కలిగింది. కానీ అది మా ఆఫీసు ప్రింటు. ఆపరేటరు దాన్ని కోశాడని తెలిస్తే చెప్పి తీరాలి, చెప్తే అతని పని పోతుంది. ఎవరు కోశారో చెప్పకుండా, పెనుకొండలో ఆఖరి సీను తెగిందని మాత్రం కేశవయ్య గారికి ఫోన్ చేశాను.

‘తెగాక టాక్ ఎట్లుంది?’ అన్నారు.

‘మగవాళ్లు బాగుందంటున్నారు.’

‘అయితే అట్లాగే ఉంచు. మిగతా రెండు ఊళ్లలోనూ తీయించు.’

‘ఆడవాళ్లు ఆ సీను గురించే మాట్లాడుకున్నారండీ’ అన్నాను. ఊరికే తల ఊపకుండా ఆయనకు ఎదురు మాట్లాడింది ఆ రోజే. ‘కథలొద్దు’ అని ఫోన్ పెట్టేశారు.

నేను తిరిగి హాలుకు వచ్చేసరికి రత్నమ్మ గేటు దగ్గర నా కోసమే నిలబడి ఉంది.

‘సార్, ఆ పిల్లని అడిగేది తీసేసినారు. మీరేనా తీసింది?’

నేను కాదన్నాను. ఎవరో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆమె తలెత్తి కేబిను వైపు చూసింది, తాళంచెవి మేకుకు తగిలించింది, సంచీ తీసుకుని బస్టాండు దారి పట్టింది. పరిగిలో ఆమె అన్న ఉన్నాడు.

పైకి పోయి అంజినప్పకు రెండు మాటలూ చెప్పాను. నీ భార్య అన్న ఇంటి దారి పట్టిందని, తీసిన ముక్కను తీసినట్టే ఉంచమని మా యజమాని అన్నారని. రెండో మాటకు అతను సంతోషిస్తాడేమో అనుకున్నాను. అతను మాత్రం బ్లేడు తీసి తన అతుకును తానే కోసి, ముక్కను మళ్లీ ఉన్న చోట అతికించాడు.

‘మీ ఆఫీసువాళ్లు నన్ను తీసేయించినా సరే సార్. ఇది ఉండాల’ అన్నాడు.

ఆ సాయంత్రం కేశవయ్య గారికి పెనుకొండ టాక్ రెండు రకాలుగా ఉందని మాత్రం చెప్పాను. హిందూపురం, ధర్మవరం హాళ్లకు ఆయన చెప్పిన మాట నేను చేరవేయలేదు. దానికి నేనెప్పుడూ బాధపడలేదు.

పరిగి

మర్నాడు పొద్దున నేను హిందూపురం బస్సెక్కితే అంజినప్ప కూడా ఎక్కాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. పరిగి రాగానే ‘మీరు గూడా రండి సార్, ఒక్కణ్ణే పోతే నోరు పెగల్దు’ అన్నాడు. ఇతరుల ఇంటి సంగతుల్లో తలదూర్చే మనిషిని కాను. అయినా దిగాను.

అన్న ఇంటి ముందర రత్నమ్మ వదినతో కూర్చుని శెనక్కాయలు వొలుస్తోంది. అన్న మంచం వాల్చి, మమ్మల్ని కూర్చోమన్నాడు. అంజినప్ప కూర్చోలేదు.

‘ఆ పొద్దు నేను గూడా అడగలేదు. మా నాయన అడిగినాడనుకుంటి. ఇప్పుడు అడుగుతాండా’ అన్నాడు ఆమె వైపు చూసి. ‘నేను నీకు నచ్చినానా?’

అన్న పెద్దగా నవ్వాడు. ‘ఏం బావా, కొడుకు పెండ్లి చేసే వయసులో ఇదేం మాట?’

‘నువ్వుండప్పా’ అన్నాడు అంజినప్ప. మా ఊళ్లలో ఒక మగవాడు, పెళ్లాం అన్న ముందర, పరాయివాడి ముందర అంత మాట అడగడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రత్నమ్మ చేతిలోని కాయలు కింద పెట్టింది. అతన్ని చాలాసేపు చూసింది. ముఖంలో కోపమూ లేదు, నవ్వూ లేదు.

‘ఆలోచించుకోనీ’ అంది.

‘సరే’ అన్నాడతను. నీళ్లు తాగి, మ్యాట్నీకి టైమవుతుందని పెనుకొండ బస్సు కోసం పోయాడు.

ఆ తర్వాత

సినిమా మూడు ఊళ్లలోనూ కొన్నాళ్లు ఆడి పోయింది. హిట్టూ కాదు, ఫట్టూ కాదు. ఇప్పటికీ నన్ను అడిగితే బాగుందో లేదో చెప్పలేను. కాలం లెక్కలు సరిగ్గా కుదరలేదు, నవ్వులాట ఎక్కువైంది. కానీ ఒకే సినిమా ఒకరికి దుడ్లు దండగ, ఒకరికి దగ్గు, ఒకరికి అమ్ముకున్న చేను, ఒకరికి ఎవరూ అడగని మాట. కొత్తవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. టాక్ అడిగేటప్పుడు సినిమా గురించే చెప్తున్నారని అనుకోవద్దు.

రత్నమ్మ కొన్ని రోజులకు తిరిగొచ్చి గేటు దగ్గర నిలబడింది. ఏమైందని నేను అడగలేదు. చాలా రోజుల తర్వాత ఒకసారి అంజినప్పే చెప్పాడు. ‘ఇంకా చెప్పలేదు సార్. మళ్లా అడిగితే బలవంతం చేసినట్టు ఉంటాది. చెప్పాలనిపించినప్పుడే చెప్పనీ.’ అప్పుడతను సంతోషంగానే కనిపించాడు. పొద్దున ఆమె కంటే ముందే లేచి తనే నీళ్లు పట్టేవాడని హాలువాళ్లు ఆటపట్టించేవాళ్లు.

రెండు వేల సంవత్సరం దాటాక ఆ హాలు సిమెంటు గోడౌను అయింది. అంజినప్ప ఒక అంగట్లో కాపలాకు కుదిరాడు. నేను ఉద్యోగం మానేశాక అతను పోయాడని ఆలస్యంగా తెలిసింది. పలకరించడానికి పెనుకొండ పోయాను.

రత్నమ్మ వసారాలో చాప వేసింది. కొడుకు గురించి, మోకాళ్ల గురించి మాట్లాడింది. తర్వాత ‘పరిగిలో ఆయప్ప అడిగింది మీకు గుర్తుండాదా సార్?’ అంది.

ఉందన్నాను.

‘నేను జవాబు చెప్పలేదు. మళ్లా అడుగుతాడు, అప్పుడు చెప్దామనుకుంటి. ఇన్నేండ్లూ అడగనే లేదు. మర్చిపోయినాడేమో అనుకుంటి. మర్చిపోయినోనికి నేనుగా పోయి ఏమని చెప్పేది?’

మర్చిపోలేదమ్మా అన్నాను. అతను నాతో అన్న మాట అన్నట్టే చెప్పాను. ఆమె విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. ఒకరు బలవంతం చేయకూడదని, ఒకరు అడిగితే చెప్దామని, ఒకే ఇంట్లో అన్నేళ్లు ఎదురుచూసుకున్నారు.

కాసేపటికి, బతుకంతా చేసిన పని కదా, నోరు ఊరుకోలేదు. ‘ఏం చెప్పాలనుకున్నావు రత్నమ్మా?’ అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

‘అది ఆయప్ప అడిగింది సార్. మీకు చెప్పేది కాదు.’